ఐక్యమునకు కొలత యేది?



ఆదివారమునాడు ప్రొద్దు పొడిచిన పిమ్మట ఆకివీటి వీథులవెంట నడచిపోవువాని చెవికి ఒక్క గంట గాదు, పెక్కు గంటలు వినవచ్చును. ఒకదాని నాదము గాలిలో లీనము కాకమునుపే వేఱొకటి మ్రోగును. అన్ని మందిరములయందును స్తుతింపబడువాడు ఒక్కడే. పెక్కింటిలో చదువబడు తెలుగు బైబిలు ఒక్కటే. పాడబడు కీర్తనలు సయితము చాలవఱకు అవియే. అయినను ఒక వాకిట ప్రవేశించినవారు ప్రక్క వాకిట నడుగిడరు. ఈ వింతను జూచి మనలో చదువుకొన్నవారు కొందఱు చిఱునవ్వు నవ్వి, ఒక్క దేవుని కొలుచుటకు ఇన్ని తగవులేల యని తమలో ననుకొందురు. ఆ నవ్వు మనకు తగదని విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

నేను వృత్తిచే న్యాయవాదిని. తగవు నాయొద్దకు వచ్చినప్పుడు తప్పెవరిదని యడుగుటకు ముందు, అది యెచట పుట్టినది, దానిని పెంచినవారెవరు, దానివలన నష్టపడినవారెవరు అని యడుగుట నాకు అలవాటు. క్రైస్తవులలోని యైక్యమును విభేదమును గూర్చి నేడు అట్లే విచారింతము. వారి సిద్ధాంతములను తూచుట నా యుద్దేశము గాదు. పరుల మతముపై తీర్పు చెప్పుటకంటె పరుల యనుభవమునుండి నేర్చుకొనుట మనకు మేలు.

యేసు తాను పట్టుబడిన రాత్రి తన శిష్యులును, వారి మాటవలన తన్ను విశ్వసింపబోవువారును ఒక్కటై యుండవలెనని తండ్రిని ప్రార్థించెనని యోహాను సువార్త 17వ అధ్యాయము చెప్పుచున్నది. ఆ ప్రార్థన జరిగి పాతికయేండ్లు గడచెనో లేదో, కొరింథు పట్టణపు సంఘము చీలిపోయెను. కొందఱు తాము పౌలు పక్షమనియు, కొందఱు అపొల్లో పక్షమనియు, కొందఱు కేఫా పక్షమనియు చెప్పుకొనసాగిరి. పౌలు వారికి వ్రాసిన మొదటి పత్రికలో ఈ పక్షములను గద్దించెను. అంతటితో విడువక అదే పత్రిక 11వ అధ్యాయమున మఱియొక దోషమును గూడ నెత్తిచూపెను. ప్రభువు పేరిట కూడిన భోజనమున కలవారు ముందుగా తిని తృప్తులగుచుండగా, లేనివారు ఆకలితో నుండిపోయిరట. అనగా విభేదము రెండు విధములు. ఒకటి గురువుల పేరిట వచ్చునది. రెండవది భోజనపంక్తిలో వచ్చునది. మొదటిదానిని సభలు కూడి మాన్పవచ్చును. రెండవదానిని మాన్పుటకు మనస్సు మాఱవలయును. ఈ రెంటిని జ్ఞాపకమునం దుంచుకొనుడు. మన దేశపు చరిత్రమునందును ఇవియే కనబడును.

మొదట గురువుల పేరిట వచ్చినదానిని జూతము. మన గోదావరి డెల్టాకును కొల్లేటి ప్రాంతమునకును ఇట్టి క్రైస్తవబోధ ఒక్క ద్వారమున రాలేదు. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దఱు ఆంగ్లేయులు ఆంథొనీ నోరిస్ గ్రోవ్సు వెంట మన దేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడిరి. వారు బ్రదరెన్ అను సహోదర సంఘమువారు. బిషప్పులు, పాదిరులు, సామాన్యులు అను తారతమ్యమే వారికి సమ్మతము గాదు. 1841లో రాబర్టు నోబిల్, హెన్రీ ఫాక్సు అనువారు చర్చి మిషనరీ సొసైటీ పక్షమున బందరు చేరిరి. ఆ సొసైటీ 1854లో ఏలూరున నెలకొనెను. వారిది ఇంగ్లండు సంఘము. బిషప్పుల పరంపర వారికి ప్రధానము. 1842లో గుంటూరునకు వచ్చిన హైయరుగారి వెనుక నడచిన అమెరికా లూథరనులు రాజమహేంద్రవరమును, క్రమముగా భీమవరము తాడేపల్లిగూడెములను తమ క్షేత్రములుగా జేసికొనిరి. లూథరు నేర్పిన విశ్వాసప్రమాణము వారికి పునాది. 1874లో జాన్ మెక్లారిన్ దొరగారు కాకినాడలో ప్రారంభించిన కెనడా బాప్తిస్టు మిషను 1880లో జాన్ క్రెయిగ్ దొరగారి మూలమున ఆకివీటికి వచ్చెను. శిశువుల తలపై నీళ్లు చల్లుట వారి దృష్టిలో బాప్తిస్మము గాదు. ఎదిగినవాడు తానై విశ్వసించి నీట మునుగవలయును. ఈ మిషను వైద్యురాలు పెరల్ స్మిత్ చ్యూటుగారు ఆకివీట స్త్రీలకు జేసిన సేవ చిరస్మరణీయము.

చూచితిరా? ఆకివీటినుండి ఏదిక్కునకు బోయినను, ఒకటి రెండు దినముల పడవప్రయాణములో పరదేశముల తగవులు నాలుగు సంఘములై మనకు ఎదురయ్యెడివి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన తరువాత కాలువలే మిషనువారికి రాజమార్గములయ్యెను. పడవనే ఇల్లుగా జేసికొని ఊరూరను ఆగుచు, గట్టుపై నిలిచి వారు బోధించుచుండిరి. ఒకరి క్షేత్రమున ఒకరు చొరబడకుండ మిషనులవారు తమలో తాము హద్దు లేర్పఱచుకొనిరి. ఆ యేర్పాటు వారి సౌజన్యమునకు గుర్తు, పోటీని తగ్గించెను. కాని దాని ఫలితమును గమనింపుడు. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పుట్టిన కూలివాడు అవమానపు బ్రదుకునుండి తల యెత్తవలెనని క్రీస్తును శరణు జొచ్చెను. అతడు బాప్తిస్టగునా, లూథరనగునా, ఆంగ్లికనగునా యను సంగతిని నిర్ణయించినది అతని మనస్సాక్షి గాదు. అతని పల్లె యే కాలువగట్టున నున్నదో అదియే. 1529లో జర్మనీలోని మార్బర్గు కోటలో లూథరును జ్వింగ్లియు భోజన సంస్కారమును గూర్చి వాదించి యేకీభవింపలేక విడిపోయిరి. ఆ వాదము మన కూలివాని చెవిని ఎన్నడును బడలేదు. అయినను అట్టి వాదముల ఫలము అతని మనుమల నాటికి ఊరినడుమ గోడయై నిలిచెను.

అందఱును ఇట్లే చేరిరని చెప్పరాదు. తంతిశాఖలోని కొలువు విడిచి కాకినాడలో స్వతంత్రముగా బోధ సాగించిన తామస్ గాబ్రియేలు మొదట లూథరను. తన విశ్వాసము మాఱగా బాప్తిస్టయ్యెను. కెనడావారిని ఈ తీరమునకు రప్పించిన తెలుగువాడు అతడే. 1875 మొదటి దినమున అతడు మరణించెను. ఆలోచించి మాఱినవానిని మనము గౌరవింపవలయును. నా మాట యాలోచనకు తావే దొరకని వేలమందిని గూర్చి.

ఈ సందర్భమున నా తప్పునొకదానిని మీ యెదుట ఒప్పుకొనక తప్పదు. కొల్లేటి యంచున నున్న ఒక గ్రామములో క్రైస్తవుల శ్మశానము విషయమై అచటి పెద్దలు కొందఱు కొన్నియేండ్ల క్రిందట నా యభిప్రాయము గోరిరి. దస్తావేజులు చదివి, సంఘపు రిజిష్టరులో పేరున్నవారికి మాత్రమే అచట ఖననపు హక్కు గలదని వ్రాసియిచ్చి ఫీజు పుచ్చుకొంటిని. చట్టప్రకారము నేను వ్రాసినది సరియే. పిమ్మట ఆ గ్రామమున ఒక వృద్ధురాలు మరణించెను. ఆమె పుట్టి పెరిగినది ఆ సంఘములోనే. తండ్రిని పాతిపెట్టినది ఆ శ్మశానములోనే. వార్ధక్యమున కూతురి యింట జేరి, కూతురు పోవు వేఱొక ప్రార్థనాలయమునకు పోవుచుండెను. నా కాగితమును జూపి పెద్దలు శ్మశానపు తలుపు మూసిరి. ఉదయమునుండి దీపములు పెట్టువేళ వఱకు శవము కాలువగట్టుననే యుండెను. కడకు అన్యమతస్థుడైన ఒక రైతు తన చేని గట్టు ప్రక్కను చోటిచ్చెను.

మఱుసటి వారమున ఇద్దఱు ముసలివారు నాయొద్దకు వచ్చిరి. వారు బావమఱదులు, ఒకరు ఈ సంఘము, ఒకరు ఆ సంఘము. "తప్పు జరిగిపోయినదండి, ఇక ముందు జరుగకుండ ఏదైన కాగితము వ్రాయుడు" అని వారి కోరిక. నేను ఉండబట్టలేక, మీ రెండు సంఘముల బోధలలో భేదమేమని యడిగితిని. పెద్దాయన చాలసేపు ఆలోచించి, "మా ముత్తాతగారికి మా దొరగారు బాప్తిస్మమిచ్చినారండి, వారి ముత్తాతగారికి వేఱే దొరగారు ఇచ్చినారు" అనెను. రెండవయాయన తలయూపి, "అంతకు మించి నాకును తెలియదండి" అనెను. ఆ దొరలు వెళ్లిపోయి ఎన్నో దశాబ్దములు గడచినవి. వారి గోడ మిగిలినది. ఆ గోడకు ఒక వరుస ఇటుకలు పేర్చినవాడను నేనును. ఆ గ్రామమున మరణించిన క్రైస్తవుడెవడైనను అచట పాతిపెట్టబడవచ్చునని రెండు పక్షములకును ఒప్పందము వ్రాసియిచ్చితిని గాని, ఆ వృద్ధురాలికి దానివలన లాభము లేకపోయెను.

ఇక రెండవ ప్రక్కను జూతము. గోడలు కట్టబడిన కాలముననే గోడలను దాటినవియు గలవు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి; వారు బాప్తిస్టులు. రాగతాళములతో వారు రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున జేరి, లూథరను గుడిలోను ఆంగ్లికను గుడిలోను సమానముగా పాడబడుచున్నవి. నీట మునిగినవాని పాటను నీళ్లు చల్లించుకొన్నవాడు పాడుచున్నాడు. బాప్తిస్మము విషయమై ఒప్పుకొననివారు భక్తి విషయమై ఒప్పుకొనిరి. ప్రజల కంఠములు పండితుల ప్రమాణములకంటె ముందు నడచినవని దీనివలన తేటపడుచున్నది.

ఈ యవమానమును గుర్తించి నోరు విప్పినవారిలో అగ్రగణ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన ఈ తమిళుడు మన తెలుగు దేశమున దోర్నకల్లునకు వచ్చి పనిచేసి, 1912లో ఆ ప్రాంతపు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. 1910లో ఎడింబరో మహాసభయందు మిషనరీల యెదుటనే నిలిచి, మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములు సయితమిచ్చితిరి, ఇక స్నేహము నిండని భావము వచ్చునట్లు మాటలాడెను. అనగా దాతకును గ్రహీతకును నడుమ ఐక్యముండదనియు, సమానులనడుమనే అది పుట్టుననియు ఆయన గ్రహించెను. 1919 మే నెలలో తరంగంబాడిలో అజరయ్యగారును, ప్రెస్బిటీరియను కాంగ్రిగేషను సంఘములు 1908లో కలియగా నేర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును సమావేశమైరి. కూడినవారిలో చాలమంది భారతీయులే. ఈ విభేదములు తమకు వెలుపలినుండి వచ్చి పైబడినవనియు, వీనిని తాము కల్పించుకొనలేదనియు వారు ప్రకటించిరి. మన బావమఱదులు ముసలితనమున నాయొద్ద ఒప్పుకొన్న సత్యమును వారు అంతకు ముందే ఒప్పుకొనిరి.

ప్రకటన ఒక్క దినపు పని; సంయోగమునకు 28 సంవత్సరములు పట్టినది. అజరయ్యగారు 1945 మొదటి దినమున మరణించిరి. తాము కోరినదానిని కన్నుల జూడలేదు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 43 దినములకు, 1947 సెప్టెంబరు 27వ తేదీని, మద్రాసులోని సెయింటు జార్జి కెథీడ్రలునందు ఆంగ్లికనులును, మెథడిస్టులును, దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడిరి. బిషప్పులుగల సంఘములును బిషప్పులు లేని సంఘములును ఇట్లు కలియుట అంతకుమున్ను లోకమెఱుగని కార్యము. ఇంగ్లండున దీనికి ప్రతిఘటన తక్కువగా లేదు. టి. ఎస్. ఎలియట్ మహాకవి దీనిని ఖండించుచు 1943లో చిన్న గ్రంథమే ప్రకటించెను. 1948లో లండనున లాంబెత్ మహాసభకు కూడిన బిషప్పులు సయితము ఈ క్రొత్త సంఘముతో సంపూర్ణమైన సహవాసమునకు సంకోచించిరి.

ఆ సంయోగపు షరతులు న్యాయవాదియైన నాకు మిక్కిలి ముచ్చటగొల్పును. బిషప్పుల పదవిని అందఱును అంగీకరించిరి. కాని ఆ పదవిని గూర్చి ఫలానా సిద్ధాంతమునే నమ్మవలెనని యెవరిని నిర్బంధింపలేదు. బిషప్పు చేయి తలపై పడని పాత పాదిరులను మరల అభిషేకించుకొండని యవమానింపలేదు. ఉన్నవారిని ఉన్నట్లే గురువులుగా స్వీకరించిరి. ఏ సంఘముపైనను దానికి అలవాటులేని ఆరాధనక్రమమునుగాని, దాని మనస్సాక్షి యొప్పని గురువునుగాని రుద్దరాదని ప్రతిజ్ఞ చేసికొనిరి. 30 సంవత్సరముల పిమ్మట ఈ విషయమును సంఘమే మరల విచారించుకొనవలెనని నిశ్చయించిరి. నావాదమే గెలిచినదని యెవ్వరును ఇంటికి బోయి చెప్పుకొనలేరు. ఏ ఒప్పందమున ప్రతిపక్షియు కొంత నష్టపోయి, ఎవ్వరును అవమానింపబడరో అదియే నిలుచునని నా వృత్తియు నాకు నేర్పినది.

అయినను అందఱును లోపలికి రాలేదు. ఎస్.పి.జి. మిషనుచే పెంచబడిన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో చాలమంది 1947లో సంయోగమును నిరాకరించి, కొన్ని దశాబ్దములకు గాని అందు ప్రవేశింపలేదు. లూథరనులు 1927లో నేర్పఱచుకొన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరను సంఘముగానే నిలిచిరి. ఆకివీటితో సంబంధముగల బాప్తిస్టులు అదే 1947వ సంవత్సరమున ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షనుగా వేఱుగా నిలిచిరి. బాప్తిస్టులకు సంయోగము అసాధ్యమా యనిన, కాదు. 1970 నవంబరు 29వ తేదీని నాగపూరున ఉత్తర ఇండియా సంఘ మేర్పడినప్పుడు, శిశువుల బాప్తిస్మమును ఎదిగినవారి బాప్తిస్మమును రెంటిని అంగీకరించి అచటి బాప్తిస్టులు కొందఱు బిషప్పులతో గూడిరి. మన తెలుగుసీమలోనే 1964లో లూథరనులు, బాప్తిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు తమ వేర్వేఱు వేదాంత పాఠశాలలను గలిపి రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాలను స్థాపించిరి. 1973లో అది హైదరాబాదునకు తరలెను. ఒక్క బల్లచుట్టు కూర్చుండి చదువుకొన్న కాపరులు స్వగ్రామములకు బోయి వేర్వేఱు గంటలు మ్రోగించుచున్నారు.

వెలుపలి లోకమును కదలినది. 1054లో రోమా కాన్‌స్టాంటినోపులు పీఠములు పరస్పరము వెలివేసికొన్న తీర్పులను 1965 డిసెంబరు 7వ తేదీని ఇరుపక్షములును స్మృతినుండి తొలగించుకొనిరి. ఏ ప్రశ్నపై లూథరును రోమాయు విడిపోయిరో, మనుష్యుడు దేవుని యెదుట నీతిమంతుడగుట యెట్లను ఆ ప్రశ్నపై 1999లో ఆగ్సుబర్గున లూథరనులును కథోలికులును ఒక ఉమ్మడి ప్రకటన చేసిరి. సిద్ధాంతములు మెత్తబడుచుండగా సంఘములు ఏల కలియవు? ఇచ్చటనే మనము సూక్ష్మముగా విచారింపవలయును.

కొల్లేటిని జూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులు తెచ్చిన నీరు కొల్లేట నిలిచి, ఆకివీటి చెంత ఉప్పుటేటి మార్గమున సముద్రమును జేరుచున్నది. అట్టి యొక్క సరస్సును మనుష్యులు చేపల చెఱువులకై గట్లు కట్టి ముక్కలు చేసిరి. 2006లో ప్రభుత్వము ఆ గట్లను యంత్రములతో త్రెంపించెను. కాని గట్టు తెగిన చోట కొందఱి కూడు గూడ తెగెను. పిమ్మట కొన్ని చోట్ల గట్లు మరల లేచినవి. నీటికి గట్టుతో పనిలేదు. గట్టుపై బ్రదుకువానికే దానితో పని. సంఘముల విషయమును ఇట్టిదే. మిషనులవారు పోవుచు బడులు, వైద్యశాలలు, స్థలములు, ఆ స్థలములతోడి పదవులు విడిచిపోయిరి. నేడు న్యాయస్థానములకు వచ్చు సంఘముల తగవులలో భోజన సంస్కారపు తత్త్వమును గూర్చిన ప్రశ్న యుండదు. ఎన్నిక చెల్లునా, స్థలముపై సంతకము చేయు నధికారి యెవడు అను ప్రశ్నలే యుండును. వేదాంతము పేరు, గట్టు ఆస్తిది.

ఇంతకంటె లోతైన గట్టు మఱియొకటి గలదు. అది కులము. పౌలు రెండవసారి గద్దించిన పంక్తిభేదము మన దేశమున ఈ రూపము దాల్చెను. ఒక్క సంఘములోనే మాలలును మాదిగలును వేఱుగా కూర్చున్న చోట్లు, పెండ్లిసంబంధములాడని చోట్లు, సంఘపు ఎన్నికలలో కులమును బట్టి చీలిన చోట్లు తెలుగు దేశమున కలవని క్రైస్తవ నాయకులే బాధతో నొప్పుకొనుచున్నారు. ఆ పై రెండింటికంటె పై కులములనుండి చేరినవారు ఇంకను ఎడముగా నుందురు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు హిందువులను, పిమ్మట 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను తప్ప తదితర మతస్థులను షెడ్యూల్డు కులములలో లెక్కింపలేదు. బాప్తిస్మముతో కులము పోవునని చట్టము భావించినది. పల్లె యట్లు భావింపలేదు. 1947లో మద్రాసున కలిసిన చేతులు పల్లెపంక్తిలో కలిసినవా యన్నదే అసలు ప్రశ్న.

ఇంతవఱకు చెప్పినది విని, ఇది వారి సంగతి యని మీరు నెమ్మదిగా కూర్చుండరాదు. మన యింటిని జూతము. ఏకేశ్వరుని యారాధనకై మనవారు నెలకొల్పిన బ్రహ్మసమాజము 1866లో చీలెను. కేశవచంద్రసేనుగారు వేఱుపడి భారతవర్షీయ సమాజమును స్థాపించిరి. 1878లో వారి కుమార్తె వివాహము కూచ్‌బిహారు మహారాజుతో జరుగగా, తాము కోరిన వివాహవయస్సు నియమమును తామే తప్పిరని యనుచరులు విడిపోయి సాధారణ బ్రహ్మసమాజమును నిర్మించిరి. విగ్రహములు లేవు, పురోహితులు లేరు, పరదేశపు మిషను లేదు, అయినను చీలితిమి. పైగా మనము క్రైస్తవులకు ఋణపడియున్నాము. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు చదువుకొన్నది మద్రాసు క్రిస్టియను కళాశాలలో, మిల్లరుగారి శిష్యులై. బోధించినది బందరు నోబిల్ కళాశాలలో. కాకినాడలో మన సమాజమునకు ప్రాణము పోసిన ఆ మహనీయుడు పొందిన విద్య యెవరి దానము? గురువింట కలహము చూచి శిష్యుడు నవ్వునా?

మఱి మనలో ఎందఱి యింట, మందిరమున నొక్క తండ్రి బిడ్డలమని పాడి, ఇంటికి వచ్చి పనివానికి వేఱు గ్లాసు పెట్టు నాచారము పూర్తిగా పోయినది? ఎందఱము కులము చూడక బిడ్డలకు సంబంధములు చేసితిమి? సంస్కర్తలమని పేరు పెట్టుకొన్న మనము ఈ కొలతకు నిలువలేనిచో, చదువులేక, భూమిలేక, ఊరివెలుపల పుట్టిన సోదరుడు నిలువలేదని వేలెత్తి చూపుట యే ధర్మము?

కావున ఐక్యమునకు కొలత యేది? ఒక్క పేరు పెట్టుకొనుట కాదు. పేర్లు వేఱైనను ప్రేమయుండవచ్చును. ఒక్క రాజ్యాంగము వ్రాసికొనుట యంతకంటె కాదు. అట్టివి నేనే పెక్కు వ్రాసితిని. మూడు స్థలములలో దానిని కొలువవచ్చును. భోజనమున ఎవరి ప్రక్కను కూర్చుందుము? వివాహమున ఎవరి చేతిలో మన బిడ్డ చేయి పెట్టుదుము? మరణమున ఎవరిని మనవారి సరసను పరుండనిత్తుము? ఈ మూడు చోట్ల గట్టు లేనివారు వేర్వేఱు గంటలు మ్రోగించినను ఏకమైనవారే. ఈ మూడు చోట్ల గట్టున్నవారు ఒక్క గోపురము క్రింద నిలిచినను విడిపోయినవారే.

మీలో భూమిగలవారు, పలుకుబడిగలవారు, న్యాయస్థానములతో సంబంధముగలవారు ఉన్నారు. మీ గ్రామములలో రెండు సంఘములు తగవుపడినప్పుడు ఒక పక్షమును పట్టి రెండవదానిని అణచుట రాజకీయమున లాభము కావచ్చును. ఆ లాభము మనకు వలదు. శ్మశానము చాలని పల్లెకు సెంటు నేల యిచ్చునప్పుడు, ఏ సంఘమువాడని యడుగక యీయుడు. దస్తావేజులో ఆ మాట స్పష్టముగా వ్రాయింపుడు. నా తోడి న్యాయవాదులకు ఒక్క మనవి: చట్టము సరియైనంత మాత్రమున సంతకము చేయకుడు; ఆ కాగితము ఎవరి యెదుట తలుపు మూయునో యొక్కసారి తలచుకొనుడు. నేను తలచుకొనలేదు. ఆ చేని గట్టు ప్రక్కనుండి పోవునప్పుడెల్ల నాకది జ్ఞప్తికి వచ్చును.

ఇక ప్రార్థింతము.

సర్వజనకుడవైన తండ్రీ! నిన్ను వేర్వేఱు పేళ్ల పిలుచుచు, నీ పేరిటనే గోడలు కట్టుకొనుచున్న నీ బిడ్డలము. మా పొరుగువారి చీలికలను జూచి నవ్విన మా గర్వమును క్షమింపుము. తమ గురువుల తగవులకు కారణము తెలియకయే వానిని మోయుచున్నవారి భారమును దింపుము. ఐక్యమును కోరి పాటుపడి, దానిని కన్నుల జూడక కన్నుమూసినవారి శ్రమను వ్యర్థము కానీయకుము. మా పంక్తిలో ఆకలితో నిలిచినవాడు లేకుండునట్లును, మా వాకిట శవమై కాచుకొనియున్నవాడు లేకుండునట్లును మా చేతులను నడిపింపుము. మేము వ్రాయు ప్రతి యక్షరమునందును నీ న్యాయముతోడ నీ కరుణను గూడ నిలుపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.